పట్టే చోటు పెద్దది, చదివే మొన చిన్నది

ఇనుము-55 అనే రేడియోధార్మిక ఐసోటోపు మాంగనీసుగా మారేటప్పుడు 5.9 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఎక్స్-కిరణం వెలువడుతుంది. ఆ కిరణం సిలికాన్ పలకలో ఆగిపోతే అక్కడ సుమారు 1,600 ఎలక్ట్రాన్లు బంధాలు వదిలించుకుని బయటపడతాయి. క్రోమియం నుంచి వచ్చే ప్రధాన ఎక్స్-కిరణమైతే 1,480 దాకా, ఇనుము నుంచి వచ్చేదైతే 1,750 దాకా బయటపడతాయి. ఒక రాతి ముక్కలో ఏ మూలకం ఉందో చెప్పడమంటే ఈ లెక్కల మధ్య తేడాను పట్టుకోవడమే. శ్రద్ధ లేకుండా కట్టిన ఆంప్లిఫయర్ సొంత రొదే వేల ఎలక్ట్రాన్లకు సమానంగా ఉంటుంది, ఈ సంకేతం అందులో ఆనవాలు లేకుండా మునిగిపోతుంది. ఇవాళ గోరంత సిలికాన్ డిటెక్టరు ఆ రొదను పది ఎలక్ట్రాన్ల లోపుకు దించి, ఈ మూడు మూలకాలనూ విడివిడిగా చూపిస్తోంది.

ఇది ఎలా సాధ్యమైంది? మామూలుగా వినిపించే సమాధానాలు మూడు: స్ఫటికాలు శుద్ధమయ్యాయి, ట్రాన్సిస్టర్లు మెరుగయ్యాయి, అంతటినీ చల్లబరచడం నేర్చుకున్నాం. మూడూ నిజమే. కానీ డెబ్బై అయిదేళ్ల ఈ చరిత్రను వరసగా చదువుకుంటూ వస్తే నాకు తోచేది వేరు. అసలు మలుపులన్నీ ఆకృతిలో వచ్చినవి. రేడియేషన్‌ను పట్టే చోటు పెద్దదిగా ఉండగానే ఆవేశాన్ని చదివే ఎలక్ట్రోడును చిన్నదిగా చేయగలిగినప్పుడల్లా ఈ రంగం ఒక మెట్టు ఎక్కింది. డిటెక్టరును ఒకరు, ఆంప్లిఫయర్‌ను మరొకరు విడివిడిగా తయారుచేసి ఆఖర్న కలుపుకుందామనుకున్న చోట ఆ మెట్టు దక్కలేదు.

ముందు అర్ధవాహకమే ఎందుకో చూద్దాం. వాయువు నింపిన కౌంటర్‌లో ఒక జంట ఆవేశాలు పుట్టడానికి దాదాపు 30 ఎలక్ట్రాన్ వోల్టులు ఖర్చవుతాయి. సోడియం అయొడైడ్ లాంటి మెరుపు స్ఫటికంలో, వెలుగుగా మారి మళ్లీ ఎలక్ట్రాన్‌గా తేలేసరికి ఒక్కో ఎలక్ట్రాన్ ఖరీదు 100 ఎలక్ట్రాన్ వోల్టుల చుట్టూ ఉంటుంది. సిలికాన్‌లో ఎలక్ట్రాన్, అది వదిలివెళ్లిన ఖాళీ (దాన్నే రంధ్రం అంటారు) జంటకు 3.6 చాలు. ద్రవ నైట్రోజన్ చలిలో ఉంచిన జెర్మేనియంలో 2.96 చాలు. ఒకే శక్తికి ఎక్కువ ఎలక్ట్రాన్లు దొరికితే లెక్కలో తడబాటు తగ్గుతుంది.

ఇంకో మేలు కూడా ఉంది. సాధారణ గణాంక సూత్రం ప్రకారం 1,600 ఎలక్ట్రాన్ల లెక్క ఒక్కోసారి ఒక్కో రకంగా, నలభై అటూ ఇటూగా మారాలి. కానీ వచ్చిన కిరణం శక్తి ముందే నిర్ణయమై ఉంటుంది కాబట్టి ఒక్కో జంట పుట్టుక మిగతావాటికి సంబంధం లేనిది కాదు. 1947లో ఊగో ఫానో ఈ సంగతిని లెక్కలోకి తెచ్చాడు. సిలికాన్‌లో అసలు ఊగిసలాట మామూలు గణాంకం చెప్పే దానిలో మూడో వంతే, అంటే పదమూడు, పద్నాలుగు ఎలక్ట్రాన్లు. ప్రకృతి మనకు ఇచ్చిన హద్దు అది. ఇక ఎలక్ట్రానిక్స్ రొద దానికంటే తక్కువగా ఉండాలి. ఈ రంగంలో పనిచేసినవాళ్ల శ్రమంతా ఈ పదమూడు అనే అంకె చుట్టూ తిరిగింది.

మొదటి అడుగు 1949లో బెల్ ప్రయోగశాలల్లో పడింది. కె.జి. మెకే జెర్మేనియం మీద ఒక లోహపు మొన ఆనించిన డయోడుతో ఆల్ఫా కణాలను లెక్కపెట్టాడు. చదివే మొన చిన్నదే. కానీ పట్టే చోటు కూడా అంతే చిన్నది, ఆ మొన చుట్టూ ఉన్న కాస్త ప్రదేశం తప్ప మిగతా స్ఫటికమంతా నిరుపయోగం. గామా కిరణాలను ఆపడానికి సెంటీమీటర్ల మందం కావాలి. స్ఫటికంలోని మాలిన్యాల వల్ల, ఎంత వోల్టేజీ పెట్టినా విద్యుత్ క్షేత్రం మిల్లీమీటరు దాటి లోపలికి పోయేది కాదు.

దారి చూపింది 1960లో జనరల్ ఎలక్ట్రిక్‌కు చెందిన ఇ.ఎం. పెల్. లిథియం అయాన్లను స్ఫటికంలోకి మెల్లగా నడిపిస్తే అవి మాలిన్యాల ఆవేశాన్ని రద్దు చేస్తూ వెళ్తాయి, మందమైన పొర అంతా పనికొస్తుంది. 1963 నాటికి కెనడాలోని చాక్ రివర్‌లో టావెండేల్, ఇవాన్ లిథియం నడిపిన జెర్మేనియంతో గామా వర్ణపటాలు తీశారు. సీజియం-137 విడుదల చేసే 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా రేఖ సోడియం అయొడైడ్‌లో 45 దాకా వెడల్పున్న గుట్టలా కనిపిస్తుంది. మంచి జెర్మేనియంలో అది ఒకటిన్నర కూడా ఉండదు. కేంద్రక నిర్మాణ శాస్త్రంలో అంతవరకూ ఒకే గుట్ట అనుకున్నవి రేఖల గుంపులుగా విడిపోయాయి. ఎన్నో కేంద్రకాల శక్తి స్థాయిల పట్టికలు తిరగరాయాల్సి వచ్చింది.

ఆ డిటెక్టర్లతో పెద్ద బాధ ఒకటుండేది. వాటిని ఎప్పుడూ ద్రవ నైట్రోజన్ చలిలోనే ఉంచాలి, ఒక్కసారి వేడెక్కితే లిథియం కదిలిపోయి డిటెక్టరు పాడవుతుంది. 1970లలో రాబర్ట్ హాల్ జనరల్ ఎలక్ట్రిక్‌లోనూ, హాన్సెన్ బర్కిలీలోనూ లక్ష కోట్ల పరమాణువుల్లో ఒకటి చొప్పున మాత్రమే క్రియాశీల మాలిన్యం మిగిలేంత శుద్ధమైన జెర్మేనియం పెంచడంతో ఆ బెడద పోయింది. మనిషి తయారుచేసిన అత్యంత శుద్ధమైన పదార్థాల్లో ఇదొకటి. ఇవాళ్టికీ ఇలాంటి స్ఫటికం పెంచగలిగిన సంస్థలు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కించదగ్గవే. సిలికాన్ వైపు, 1968లో ఫిట్జెరాల్డ్, కీల్, హైన్‌రిష్ లిథియం నడిపిన సిలికాన్‌ను ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్‌కు తగిలించారు. ఈ రోజు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని పక్కన కనిపించే మూలక విశ్లేషణ పరికరాలన్నీ దాని వంశమే.

ఇక్కడిదాకా స్ఫటికం కథ. రొద కథ ఇంతకంటే లోతైనది. కథనాల్లో దానికి చోటు తక్కువ దొరుకుతుంది కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను.

ఆంప్లిఫయర్‌కు చేరేది ఆవేశం. అది ముందుగా డిటెక్టరు కెపాసిటెన్స్ మీద వోల్టేజీగా మారుతుంది. చెంబుడు నీళ్లు చిన్న గిన్నెలో పోస్తే మట్టం జానెడు లేస్తుంది, అవే నీళ్లు గంగాళంలో పోస్తే అడుగు తడుస్తుందంతే. మన 1,600 ఎలక్ట్రాన్లు ఒక పికోఫారడ్ మీద పడితే 260 మైక్రోవోల్టులు, వంద పికోఫారడ్ల మీద పడితే 2.6 మైక్రోవోల్టులు. ఆంప్లిఫయర్ మొదటి ట్రాన్సిస్టర్‌లో ప్రవహించే ఎలక్ట్రాన్లకు ఉష్ణ చలనం ఉంటుంది. అది ఒక వోల్టేజీ రొదను పుట్టిస్తుంది. ఆ రొద కెపాసిటెన్స్‌తో మారదు, దాని ముందు నిలబడాల్సిన సంకేతమే మారుతుంది. అందుకని కెపాసిటెన్స్ రెట్టింపైతే ఎలక్ట్రాన్లలో కొలిచిన రొద కూడా రెట్టింపవుతుంది.

రెండో రొద కరెంటుది. చీకట్లో, చలిలో ఉంచినా డిటెక్టరులో కొద్దిపాటి లీకేజీ కరెంటు పారుతూనే ఉంటుంది. అది విడివిడి ఎలక్ట్రాన్లుగా వస్తుంది కాబట్టి ఎగుడుదిగుళ్లు తప్పవని 1918లో షాట్కీ చూపించాడు. ఇన్‌పుట్ దగ్గర ఉండే నిరోధకం కూడా ఇలాంటి రొదే పుట్టిస్తుంది. 1928లో జాన్సన్ కొలిచిందీ, నైక్విస్ట్ వివరించిందీ దాన్నే. ఈ రెంటినీ పోల్చుకోవడానికి ఒక చక్కటి లెక్క ఉంది: గది ఉష్ణోగ్రత దగ్గర, కరెంటును నిరోధంతో గుణిస్తే 50 మిల్లీవోల్టులు వచ్చే చోట రెండింటి రొదా సమానం. ఒక నానోఆంపియర్ లీకేజీ ఉంటే, 50 మెగాఓముల నిరోధకం పెట్టినంత రొద అన్నమాట. ఒక గిగాఓము ఫీడ్‌బ్యాక్ నిరోధకం పెట్టామా, అది 50 పికోఆంపియర్ల లీకేజీకి సమానం. మంచి ఎక్స్-కిరణ డిటెక్టర్లలో లీకేజీ అంతకంటే చాలా తక్కువ. అందుకే 1970ల ఆరంభంలో బర్కిలీలో గోల్డింగ్, లాండిస్ బృందం ఆ నిరోధకాన్నే తీసేసి, పేరుకున్న ఆవేశాన్ని ఎప్పటికప్పుడు కాంతి స్పందనతో తుడిచేసే పద్ధతి పెట్టింది. మంచి భాగం వెతకడం కాదు, ఆ భాగమే లేకుండా చేయడం! ఈ రంగంలోని ఉత్తమ ఆలోచనలు తరచుగా ఇలాగే ఉంటాయి.

ఈ రెండు రొదలనూ ఒకేసారి తగ్గించలేం. సంకేతాన్ని ఎక్కువసేపు సగటు చేస్తే వోల్టేజీ రొద తగ్గుతుంది, కాని ఆ సమయమంతా లీకేజీ ఎలక్ట్రాన్లు చేరుతూ కరెంటు రొద పెరుగుతుంది. తక్కువసేపు చూస్తే దీనికి తలకిందులు. మధ్యలో ఎక్కడో ఒక సరైన సమయం ఉంటుంది, దాన్నే షేపింగ్ టైమ్ అంటారు. పెద్ద జెర్మేనియం డిటెక్టర్లకు ఇది కొన్ని మైక్రోసెకన్లు. మూడో రకం రొద, పౌనఃపున్యం తగ్గేకొద్దీ పెరిగేది, ఈ సమయంతో మారదు. అది ట్రాన్సిస్టర్ తయారీలోనే తేలిపోతుంది.

కాబట్టి ఏ డిటెక్టరు దగ్గరైనా మొదట చేయాల్సిన పని ఒకటే: షేపింగ్ టైమ్ మారుస్తూ రొద కొలిచి గీత గీయడం. గీత ఎడమవైపు లేస్తే కెపాసిటెన్స్ మీద, ట్రాన్సిస్టర్ మీద పని చేయాలి. కుడివైపు లేస్తే లీకేజీ, నిరోధకాలు, చలి చూసుకోవాలి. అడుగున బల్లపరుపుగా ఉంటే ట్రాన్సిస్టర్‌నో, సర్క్యూట్ బోర్డు పదార్థాన్నో అనుమానించాలి. ఏ సిద్ధాంతానికీ లొంగకుండా గీత ఎగుడుదిగుడుగా వస్తే తప్పు బయట ఉంది: గ్రౌండు తీగలు చుట్టు కట్టాయి, దగ్గర్లో స్విచింగ్ పవర్ సప్లై ఉంది, లేదా వాక్యూమ్ పంపు కంపనానికి హై వోల్టేజీ తీగ వణుకుతోంది. తీగ వణికితే కెపాసిటెన్స్ మారుతుంది, అది నేరుగా సంకేతంలాగే లోపలికి వస్తుంది. మామూలు కోయాక్సియల్ కేబుల్ మీటరుకు వంద పికోఫారడ్లు కలుపుతుంది కనుక ప్రీఆంప్లిఫయర్ డిటెక్టరు పక్కనే ఉండి తీరాలి. జెర్మేనియం డిటెక్టర్లలో మొదటి ట్రాన్సిస్టర్‌ను చలి గదిలోపలే పెడతారు, అయితే ద్రవ నైట్రోజన్ అంత చలిలో కాదు. అక్కడ ఆ ట్రాన్సిస్టర్‌లో, అంటే సిలికాన్ జెఫెట్‌లో, ఆవేశ వాహకాలు గడ్డకట్టినట్టు ఆగిపోతాయి. అందుకని 120 నుంచి 140 కెల్విన్ల మధ్య ఉంచుతారు. ఈ విద్యనంతా ఒక శాస్త్రంగా కూర్చినవాళ్లలో ఇద్దరి పేర్లు తప్పక చెప్పాలి: మిలాన్‌లో ఎమీలియో గాటీ, అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌లో వెల్కో రడేకా. రడేకా 1988లో రాసిన సమీక్ష ఇప్పటికీ కొత్తగా వచ్చేవాళ్లకు మొదటి పాఠం.

ఇప్పుడు అసలు మలుపు. 1980లో మ్యూనిక్‌లో యోజెఫ్ కెమ్మర్ చిప్పుల తయారీలో వాడే ప్లానార్ పద్ధతితో డిటెక్టర్లు తయారుచేసి లీకేజీని బాగా తగ్గించాడు. దానితో సిలికాన్ మీద ఎలక్ట్రోడులను కోరిన ఆకారంలో గీయడం వీలైంది. గాటీ, బ్రూక్‌హేవెన్‌కు చెందిన పావెల్ రేహాక్ ఆ స్వేచ్ఛను వాడుకుని 1980ల ఆరంభంలో సిలికాన్ డ్రిఫ్ట్ డిటెక్టరును ప్రతిపాదించారు. పలకకు రెండు వైపులా వోల్టేజీలను మెట్లుమెట్లుగా అమరిస్తే, ఎక్కడ పుట్టిన ఎలక్ట్రానైనా పలకకు సమాంతరంగా జారుకుంటూ ఒక చిన్న ఆనోడు దగ్గరికి వచ్చి చేరుతుంది. పలక వైశాల్యం పదుల చదరపు మిల్లీమీటర్లున్నా ఆనోడు కెపాసిటెన్స్ ఒక పికోఫారడ్‌కు లోపే. కెపాసిటెన్స్ తగ్గింది కాబట్టి సరైన షేపింగ్ టైమ్ కూడా కుదించుకుపోయింది. ద్రవ నైట్రోజన్ డబ్బా పోయి చిన్న విద్యుత్ శీతలీకరణి చాలింది, సెకనుకు లెక్కించగల కిరణాల సంఖ్య ఎన్నో రెట్లు పెరిగింది. ఇనుము-55 రేఖకు ఫానో హద్దు 120 ఎలక్ట్రాన్ వోల్టులైతే ఇవాళ మంచి డ్రిఫ్ట్ డిటెక్టర్లు 125 దగ్గర ఉన్నాయి. ఒక్క ఆకృతి మార్పు ఇన్ని మేళ్లు ఒకేసారి తెచ్చిన ఉదాహరణ ఈ రంగంలో నాకు మరొకటి కనిపించదు.

జెర్మేనియంలో ఇదే ఆలోచన 1989లో బర్కిలీలో పాల్ లూక్ బృందానికి వచ్చింది: పెద్ద స్ఫటికం, ఒక కొసన చిన్న చుక్కంత ఎలక్ట్రోడు. సుమారు ఒక పికోఫారడ్. చాలాకాలం దాన్నెవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2007లో హువాన్ కోయార్ బృందం న్యూట్రినోల కోసం దాన్ని తిరిగి బయటికి తీసింది. ఆ దారే 2025లో ఫలించింది. స్విట్జర్లాండ్‌లోని లైబ్‌ష్టాట్ అణు రియాక్టర్ దగ్గర కోనస్ ప్లస్ ప్రయోగం జెర్మేనియం కేంద్రకాలకు తగిలి వెళ్లే రియాక్టర్ న్యూట్రినోల జాడను నమోదు చేసింది. 119 రోజుల్లో 395 సంఘటనలు, 106 అటూ ఇటూగా. ఒక్కోదాని సంకేతం కొన్ని వందల ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే వంద ఎలక్ట్రాన్ల స్థాయి. కిలోగ్రాము బరువున్న స్ఫటికంలో ఆ వంద ఎలక్ట్రాన్లను వినడమంటే ఏమిటో ఇంతవరకూ చదివినవారికి తెలిసే ఉంటుంది.

అదే కుటుంబానికి చెందిన డిటెక్టర్లు ఇటలీలోని గ్రాన్ సాసో కొండ కింద గెర్డా ప్రయోగంలో జెర్మేనియం-76లో న్యూట్రినోలు లేని జంట బీటా క్షయం కోసం వెతికాయి. అలాంటి క్షయం ఉంటే 2,039 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒక సన్నటి రేఖ రావాలి. రాలేదు. ఒకటి పక్కన 26 సున్నాలు పెట్టి 1.8తో గుణించినన్ని ఏళ్ల కంటే దాని అర్ధాయువు ఎక్కువని 2020లో తేల్చారు. రేఖ ఎంత సన్నగా ఉంటే దాని కింద చేరే నకిలీ సంఘటనలు అంత తక్కువ, ఈ శూన్య ఫలితానికి విలువ అక్కడే వచ్చింది.

సిలికాన్‌లో ఈ ఆలోచన ఇంకా ముందుకు పోయింది. 1987లో కెమ్మర్, గెర్హార్డ్ లుట్జ్ ట్రాన్సిస్టర్‌ను డిటెక్టరు లోపలే కట్టే డెప్‌ఫెట్‌ను ప్రతిపాదించారు, ఇప్పుడది జపాన్‌లోని బెల్-2 ప్రయోగంలో ఉంది. చదివినా ఆవేశం చెరిగిపోదు కనుక అదే ఆవేశాన్ని మళ్లీ మళ్లీ చదవవచ్చు. 1990లో స్కిప్పర్ సీసీడీ అనే చిత్ర సెన్సర్ రూపంలో వచ్చిన ఈ పద్ధతితో, 2017లో సెన్సై బృందం ఒక్కో పిక్సెల్‌ను 4,000 సార్లు చదివి రొదను 0.068 ఎలక్ట్రాన్‌కు దించింది. ఇక సున్నా, ఒకటి, రెండు అని ఎలక్ట్రాన్లను విడివిడిగా లెక్కపెట్టవచ్చు. దీనికి చెల్లించే మూల్యం కాలం: చిత్రం చదవడానికి గంటలు పడుతుంది. అరుదుగా వచ్చే కృష్ణ పదార్థం కోసం కాచుకునేవాళ్లకు అది సమ్మతమే.

నా వాదన అన్ని చోట్లా నిలబడదు, అదీ చెప్పాలి. సెర్న్‌లోని పెద్ద కొలైడర్‌లో 25 నానోసెకన్లకు ఒకసారి ప్రోటాన్ గుంపులు ఢీకొంటాయి. సీఎంఎస్ డిటెక్టరు లోపల 200 చదరపు మీటర్ల సిలికాన్ ఉంది. 300 మైక్రోమీటర్ల మందాన్ని దాటే కణం 22 వేల ఎలక్ట్రాన్ల దాకా ఇస్తుంది, కాబట్టి అక్కడ రొద అంత పెద్ద సమస్య కాదు. రేడియేషన్ దెబ్బకు స్ఫటికం చెదిరి లీకేజీ ఏటేటా పెరగడం, లక్షల చానళ్ల ఆంప్లిఫయర్ల వేడిని బయటికి తోడడం అక్కడి అసలు కష్టాలు. కాడ్మియం టెల్యురైడ్ జాతి స్ఫటికాల్లో మరో చిక్కు: రంధ్రాలు దారిలోనే చిక్కుకుపోతాయి. విచిత్రంగా అక్కడ కూడా చిన్న ఎలక్ట్రోడే కాపాడింది, అయితే కారణం వేరు. ఎలక్ట్రాన్ చిన్న పిక్సెల్ దగ్గరికి వచ్చినప్పుడే సంకేతం పుడుతుంది కనుక రంధ్రాల సంగతి పట్టించుకోనక్కర్లేదు. ఇక ఫానో హద్దును ఏ ఆకృతీ దాటించలేదు. 2023లో ఎగిరిన జపాన్ ఉపగ్రహం క్రిజంలోని పరికరం దాదాపు 50 మిల్లీకెల్విన్ల చలిలో, కిరణం పుట్టించే వేడిని కొలిచి 5 ఎలక్ట్రాన్ వోల్టుల రిజల్యూషన్ సాధించింది. ఆ సన్నదనం కావాలంటే ఎలక్ట్రాన్లు లెక్కపెట్టడం మానుకోవాల్సిందే.

మన దేశం ఈ కథలో ప్రేక్షకురాలు కాదు. భారత్ ఎలక్ట్రానిక్స్ బెంగళూరులో, భాభా అణు పరిశోధనా కేంద్రం డిజైన్‌తో సీఎంఎస్ కోసం సుమారు వెయ్యి సిలికాన్ స్ట్రిప్ డిటెక్టర్లు తయారయ్యాయి. కోల్‌కతాలోని సాహా సంస్థ రూపొందించిన 16 చానళ్ల మానస్ చిప్పు చండీగఢ్ పక్కనున్న మొహాలీలో తయారై సెర్న్‌లోని ఆలిస్ ప్రయోగానికి వెళ్లింది. శ్రీహరికోట నుంచి 2015లో ఎగిరిన ఆస్ట్రోశాట్‌లో 16,384 పిక్సెళ్ల కాడ్మియం జింక్ టెల్యురైడ్ పరికరం ఉంది. 2023లో చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతంలో ప్రజ్ఞాన్ రోవర్ మోసుకెళ్లిన పరికరంలో ఉన్నది, పైన చెప్పిన సిలికాన్ డ్రిఫ్ట్ డిటెక్టరే. అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధనా ప్రయోగశాల తయారుచేసిన ఆ పరికరం 103 మీటర్ల దారిలో 23 చోట్ల చంద్రుడి మట్టిని చదివింది. తెలుగు నేల వైపు చూస్తే, అణు పరికరాల ఎలక్ట్రానిక్స్ మన దగ్గరే తయారు కావాలని పట్టుబట్టిన డాక్టర్ ఎ.ఎస్.రావు సారథ్యంలో 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ వెలిసింది. బస్సు బోర్డుల మీద ఏఎస్ రావు నగర్ అని చదివే పిల్లలకు ఆ పేరు వెనక ఉన్నది ఈ విద్యేనని ఎవరైనా చెప్పాలి. విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు అణు భౌతిక విభాగాన్ని స్వామి జ్ఞానానంద నిర్మించారు.

అంత వారసత్వం ఉన్నా, చాలా కళాశాలల్లో డిటెక్టరు ప్రయోగం అంటే సీలు వేసిన పెట్టెకు తీగ తగిలించి తెర మీద వర్ణపటం చూడడంగా మిగిలింది. ఆ పెట్టెలో ఏముందో తెలియని విద్యార్థి రేపు కొత్త డిటెక్టరును ఎలా ఊహిస్తాడు? చిన్న ఎలక్ట్రోడు గురించి ఆలోచించినవాళ్లంతా ముందు ఆంప్లిఫయర్ రొదతో కుస్తీ పట్టినవాళ్లే. అధ్యాపక మిత్రులకు నా విన్నపం ఇది. దీనికి ఖరీదైన సామాను అక్కర్లేదు, రేడియోధార్మిక పదార్థం కూడా అక్కర్లేదు. ఒక పిన్ ఫోటోడయోడు, ఒక జెఫెట్, చీకటి డబ్బా, ఒక పికోఫారడ్ కెపాసిటర్ చాలు. ఆ కెపాసిటర్ గుండా ఒక మిల్లీవోల్టు మెట్టు పంపితే దాదాపు 6,240 ఎలక్ట్రాన్లు లోపలికి వెళ్తాయి, కొలబద్ద దొరికినట్టే. షేపింగ్ టైమ్ మారుస్తూ రొద గీత గీయించండి, తర్వాత డయోడు పక్కన మరో పదిహేను పికోఫారడ్లు కలిపి మళ్లీ గీయించండి. ఈ ప్రయోగాన్ని వచ్చే విద్యా సంవత్సరం నుంచే మీ ఎం.ఎస్సీ. ప్రాక్టికల్స్‌లో చేర్చండి.